మాస్టారి నోట్లో ఎవరి పళ్లు?

హలో… ఆ, నేనే. అక్కనే. నా నంబరు చూసి కూడా ఎవరని అడుగుతావేంట్రా?

…

మీటింగా? అయితే లేచి బయటికి రా. … రా అంటే రా. వరండాలోకో మెట్ల మీదకో, ఎక్కడికో అక్కడికి. ఇప్పుడు నేను అరిచే అరుపులు నీ పక్కవాళ్ల చెవిన పడితే పోయేది నీ పరువే.

—

వచ్చావా? తలుపు వేశావా? … సరే. ఇప్పుడు చెప్పు. నువ్వు రాసిచ్చిన ఆ దిక్కుమాలిన ప్రోగ్రాం నిన్న ఎవరి పళ్లు చేసింది?

…

నవ్వకు. నవ్వకురా, ఒళ్లు మండిపోతోంది నాకు.

…

చెప్తున్నా కదా, విను. లెక్కల మాస్టారు ఒకాయనకి పళ్ల సెట్టు. పైవరస మొత్తం. డాక్టరుగారు ఆయన నోరు స్కాన్ చేసి, పెన్ డ్రైవ్‌లో ఫైలు నా ల్యాబుకి పంపారు. నేను ప్రోగ్రాం తెరిచి 'మొదలుపెట్టు' నొక్కా. ప్రింటర్ పళ్లు అచ్చుపోసింది. మెరుగు పెట్టి పొద్దున్నే పంపించా. తొమ్మిదింటికి మాస్టారు కుర్చీలో కూర్చుని నోరు తెరిచారు, డాక్టరుగారు సెట్టు పెట్టారు… ఊడి ఆయన ఒళ్లో పడింది!

…

కొంచెం వదులవడం కాదురా! అసలది ఆయన నోరే కాదు. ఆయన దవడ ఇంతుంటే సెట్టు అంతుంది. పైగా ముందు పన్ను ఒకటి వంకర. పక్కకి తిరిగి కూర్చుంది. 'పళ్లు పోయి సెట్టు పెట్టించుకునేవాడికి వంకర పన్ను ఎవరైనా పెడతారా అమ్మా, మతి ఉండే చేస్తున్నావా' అని డాక్టరుగారు అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. పేషెంటు ముందే అన్నారు. ఫోన్లో మాస్టారి దగ్గు కూడా వినపడింది నాకు.

…

చూశా. మెరుగు పెట్టేటప్పుడు చూశా ఆ వంకర. డాక్టరుగారే అలా అడిగారేమో అనుకున్నా. నిన్న ఒక్కరోజే తొమ్మిది సెట్లురా నా బల్ల మీద! ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, అయ్యా మీ పన్ను వంకరా తిన్ననా అని అడుగుతూ కూర్చోనా?

…

ఫొటో కూడా పంపారు. సెట్టుని వేలితో పట్టుకుని మాస్టారిని నవ్వించి తీశారు, నాకు చూపించడానికి. పాపం ఆ పెద్దాయన మొహానికి ఎవరిదో నవ్వు తెచ్చి అతికించినట్టుంది.

…

ఎప్పటికంటే… ఈ రోజే. నాలుగింటికి. ఐదింటికి స్కూల్లో ఆయన వీడ్కోలు సభ. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పిన మనిషి, చివరి రోజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాలా? డాక్టరుగారు ఒకే మాట అన్నారు. నాలుగింటికి సరైన సెట్టు కుర్చీ దగ్గర ఉండాలి, లేకపోతే రేపటి నుంచి మా పని వేరే ల్యాబుకి. అంతే. పెట్టేశారు.

…

ఆయన పని పోతే నా ల్యాబులో ఏం మిగుల్తుందిరా? నేనూ ప్రింటరూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చోవాలి.

…

వెనక్కి పంపించేశారు. ఇదిగో నా చేతిలోనే ఉంది. చూస్తుంటేనే మంట. … ఏం చేస్తానా? ఇదిగో—

విన్నావా చప్పుడు? చెత్తబుట్ట. అక్కడ ఉండాలి నీ ప్రోగ్రాం కూడా.

…

'ఫైలు ఫోల్డర్లో పెట్టావా అక్కా' అంటాడు చూడు! పెట్టా. రోజూ పెడుతున్నా. 'నోరు' అని ఒక ఫోల్డర్, అందులో ఒక్కటే ఫైలు ఉండాలి, పాతది తీసెయ్యాలి, కొత్తది పెట్టాలి. రోజుకి తొమ్మిది సార్లు తియ్యడం, పెట్టడం. ఇదా నువ్వు కనిపెట్టిన పద్ధతి?

…

ఉండు, చూస్తున్నా. … ఫోల్డరు… తెరిచా.

…

ఖాళీగా ఉంది.

…

అరవకు. నేను కదా అరవాల్సింది. … పెన్ డ్రైవ్‌లోంచి కాపీ చేశా. డెలివరీ అతను గుమ్మం దగ్గర నిలబడి తొందర పెడుతుంటే… ఆ. కాపీ అవ్వకముందే లాగేసినట్టున్నా. … అవును. నాదే తప్పు. ఒప్పుకున్నా. కడుపు నిండిందా?

…

నిండితే ఇది చెప్పు. ఫోల్డర్ ఖాళీగా ఉంటే నీ ప్రోగ్రాం ఏం చెయ్యాలి? ఫైలు లేదమ్మా, అని ఆగాలా వద్దా? … ఆగాలి. మరి ఆగలేదేం? ఖాళీ ఫోల్డర్లోంచి పళ్లెలా తీసింది? ఎక్కడి నుంచి తెచ్చింది ఆ నోరు?

…

టెస్టింగ్ ఫైలా? అదేంటి?

…

అంటే… ఫైలు దొరక్కపోతే, గుట్టుచప్పుడు కాకుండా నువ్వు పరీక్ష కోసం పెట్టుకున్న ఎవరిదో నోరు తీసుకుంటుంది. నాకు ఒక్క ముక్క చెప్పకుండా. ఏమీ ఎరగనట్టు పళ్లు చేసి చేతిలో పెడుతుంది.

…

'తీసెయ్యడం మర్చిపోయా' నట! పళ్లురా అవి! మనిషి నోట్లో పెట్టేవి!

…

ఎనిమిది నెలల నుంచి అడుగుతున్నా నిన్ను. అడుగుతున్నానా లేదా? మామూలు ప్రోగ్రాముల్లో ఉంటుంది కదా, 'తెరువు' అని నొక్కగానే ఒక పెట్టె తెరుచుకుని, ఫైళ్లన్నీ వరసగా కనపడి, ఏది కావాలో మనమే వేలు పెట్టి చూపించేది. ఫొటోలు చూసుకునే దాంట్లో ఉంది. ఉత్తరాలు రాసుకునే దాంట్లో ఉంది. నా ఒక్కదాని ప్రోగ్రాంలోనే లేదు. అడిగితే ఏమన్నావు? 'పెద్ద పనేం కాదక్కా, రెండు లైన్లు' అన్నావు. రెండు లైన్లకి ఎనిమిది నెలలు! నాలుగు లైన్లైతే నేను ముసలిదాన్నైపోయేదాన్ని.

…

సాయంత్రం ఆరింటికి వచ్చి నువ్వేం చేస్తావు? ఆరింటికి మాస్టారు సభ నుంచి ఇంటికెళ్లిపోతారు. ఇప్పుడు పదకొండున్నర. ప్రింటరుకి రెండు గంటలు, కడిగి గట్టిపరచడానికి ఒక గంట, మెరుగుకి అరగంట. లెక్క వేసుకో. ఇప్పుడే చెప్పు. నేను టైపు చేస్తా.

…

ఎందుకు చెయ్యలేను? అరమిల్లీమీటరు తేడా పట్టే చేతులురా ఇవి. రెండు లైన్లు టైపు చెయ్యలేవా? … ఆ. చెప్పు.

—

తెర మీద ఆ నల్ల బొమ్మ నొక్కా. తెరుచుకుంది. అబ్బో, చీమలబారులా ఉంది. … పైకి వెళ్లా. మొదటి లైను కింద. … ఫ్రమ్… టికింటర్… ఇంపోర్ట్… ఫైల్ డైలాగ్. కలిపి రాయాలా? … కలిపి. అన్నీ చిన్న అక్షరాలే. రాశా.

…

ఇప్పుడు కిందికి. 'మొదలుపెట్టు' ఉన్న చోటుకి… దొరికింది. ఇక్కడ ఫోల్డర్ పేరు రాసుంది. ఇది కొట్టెయ్యాలా? … కొట్టేశా. హాయిగా ఉంది.

…

ఫైలు, ఈక్వల్ టు, ఫైల్ డైలాగ్, చుక్క… ఆస్క్ ఓపెన్ ఫైల్ నేమ్. అమ్మో, ఊపిరి తీసుకోకుండా రాసినట్టుంది. … బ్రాకెట్. మూసేశా. … సరే, అందులో. టైటిల్… ఏమని పెట్టను? నేను చెప్పనా? 'ఎవరి నోరో సరిగ్గా చూసి ఎంచుకో'. … పొడుగైతే ఏం? నా కంప్యూటరు, నా ఇష్టం.

…

ఇనీషియల్ డిర్… అంటే? పెట్టె తెరవగానే ముందు ఏ ఫోల్డర్ చూపించాలన్నదా? … ఏదో ఒకటిలే. పైన నువ్వు రాసిన పేరు ఒకటుంది, అదే పెడుతున్నా. … ఏదో 'పరీక్ష' అని ఉంది. పెట్టేశా. పెన్ డ్రైవ్‌కి నేను వెళ్లగలనులే అక్కడి నుంచి.

…

ఏంటి? గొంతు మారింది నీకు. … లేదంటావేం, మారింది. … సరే, తర్వాత మార్చుకుందాం. ఇంకో మాట. ఆ పెట్టెలో నేను ఏదీ ఎంచుకోకుండా 'రద్దు' నొక్కితే? … ఖాళీ వస్తుందా? ఖాళీ వస్తే మళ్లీ నీ టెస్టింగ్ నోరే తెస్తుందా? … అది పీకెయ్యాలి ముందు! ఎక్కడుంది ఆ లైను? … ఇదా. చచ్చింది. ఖాళీగా ఉంటే ఆగిపో, 'ఏ ఫైలూ ఎంచుకోలేదు' అని నా మొహాన చెప్పు. అంతే. తెలీనప్పుడు తెలీదని చెప్పడానికి ఇంత కష్టమేంట్రా? ప్రోగ్రాములూ నీలాగే తయారయ్యాయి.

…

లైను మొదట్లో నాలుగు ఖాళీలు వదిలి. … వదిలా. రిటర్న్. … సేవ్ చేశా. నడిపిస్తున్నా.

—

ఎర్ర అక్షరాలు. ఏదో అరుస్తోంది. … ఖాళీలా? ఒకటి… రెండు… మూడే ఉన్నాయి. ఒక్క ఖాళీకి ఇంత గొడవా? ఎవరిదో నోరు పెడితే నోరెత్తలేదు కానీ, ఖాళీ తగ్గితే అరుస్తుంది. … వేశా. మళ్లీ నడిపిస్తున్నా.

…

వచ్చింది! వచ్చిందిరా! 'మొదలుపెట్టు' నొక్కగానే పెట్టె తెరుచుకుంది. పైన నా మాటే రాసి ఉంది. ఇది… ఇదిరా నేను ఎనిమిది నెలల నుంచి—

…

ఏంటి? ఎందుకు వెనక్కి వెళ్లాలి? … ఉండు, ఏం ఉందో చూడనీ. ఒక్కటే ఫైలు ఉంది ఇందులో. పేరు…

…

ఇదేంట్రా?

…

'నాన్న' అని ఉందేంటి?

—

మాట్లాడు.

—

అది నేను తీసిన స్కానే కదా. నా కుర్చీలోనే కూర్చోబెట్టి తీశా. పాత కంప్యూటరుతో పాటే పోయిందనుకున్నా. నీ దగ్గరెందుకుంది?

…

అంటే ఈ ప్రోగ్రాం నువ్వు నా కోసం రాయలేదు.

…

నాన్న సెట్టు కోసం రాశావు.

…

ఎన్ని రోజులు ఆలస్యం? … పది రోజులా. పూర్తయ్యేసరికి ఆయన పోయి పది రోజులు. … మరి నాకెందుకు చెప్పలేదు? … నేను ఏడుస్తాననా? నాకిప్పుడు ఏడుపు కాదు, కోపం వస్తోంది. నీ మీద కాదులే. ఆగు.

—

నాలుగు నెలలు తిప్పానురా ఆయన్ని. 'నా పళ్లేవమ్మా' అని అడిగినప్పుడల్లా వచ్చే వారం నాన్నా, వచ్చే వారం. డాక్టరుగారి పనులే ముందు. ఊళ్లో అందరికీ పళ్లు చేశా. ఆయన మెత్తగా నలిపి పెట్టింది తినేసి ఊరుకునేవాడు.

…

ఆ వంకర పన్ను? అది ఆ ఫైల్లో నువ్వు పెట్టావా?

…

ఆయన అడిగాడా? ఏమని?

…

'తిన్నగా పెడితే అద్దంలో ఎవరో కొత్తవాడు కనపడతాడురా' అన్నాడా.

…

నాకెందుకు చెప్పలేదు ఆ మాట? చేసేదాన్ని నేను కదా? నాతో కదా చెప్పాలి?

…

ఏమన్నాడు?

—

'దానికి పని ఎక్కువగా ఉంది, విసిగించకు' అన్నాడా.

—

ఉన్నా. లైన్లోనే ఉన్నా.

…

ఏడవడం లేదు. ముందు పని. పెన్ డ్రైవ్ పెట్టా. పెట్టెలోంచి వెళ్తున్నా… ఇదిగో, మాస్టారి ఫైలు. ఆయనదే. రెండుసార్లు చూశా. 'తెరువు'. … తీసుకుంది. దవడ ఇంతే ఉంది, చిన్నది, ఆయనదే. పళ్లన్నీ తిన్నగా ఉన్నాయి. ప్రింటర్ మొదలైంది. వినపడుతోందా? … నాలుగింటికి అందుతుంది. అందిస్తా.

…

డాక్టరుగారు పంపిన ఫొటోనా? … చూస్తున్నా. మళ్లీ ఇప్పుడే తెరిచా.

—

కోపంలో పొద్దున సరిగ్గా చూడలేదురా. ఎవరిదో నవ్వు అన్నానే.

—

ఉండు, ఒక్క నిమిషం. వంగాలి. … చెత్తబుట్ట. కాగితాలు, దూది… ఎక్కడుందిరా…

—

దొరికింది.

…

విరగలేదు. ఆ పన్ను కూడా. అలాగే తిరిగి ఉంది.

…

ఏం మాట్లాడకు నువ్వు. నువ్వు మాట్లాడితే నేను ఇక్కడే కూలబడతా, నాలుగింటికి సెట్టు అందదు. సాయంత్రం ఇంటికి రా. అప్పుడు తిడతా నిన్ను, తీరిగ్గా. ఇంకా చాలా ఉంది తిట్టాల్సింది.

…

ఆ ఫైలు తీసెయ్యకు. విన్నావా? పెట్టె తెరవగానే అది కనపడకుండా మార్చు, ఫైలు మాత్రం అక్కడే ఉండనీ.

…

పెట్టేస్తున్నా. చెయ్యి తడిగా ఉంది, ఫోను జారిపోతోంది. … అవునురా, కడుగుతున్నా. మెరుగు పోయింది. మళ్లీ పెట్టాలి. మాస్టారిది ప్రింటవ్వడానికి ఇంకా రెండు గంటలు పడుతుంది కదా, ఈలోపు ముందు నాన్నది చేస్తా.