సన్మాన పాత్రుడు

ఎనభై నాలుగు వేసవి. నూజివీడు మామిడి వర్తకులు సాయంత్రం తనకు చెయ్యబోయే సన్మానానికి, రిటైరైన తెలుగు మాస్టారు మధ్యాహ్నమే కొత్త టెరికాటన్ లాల్చీ తొడుక్కుని ఒక మామిడిపళ్ల కొట్టులో దిగిపోయారు. కొట్టు యజమాని ఆయన చేతిలో ఒక చిన్నరసం మామిడిపండు పెట్టాడు.

“మెల్లిగా పిసికి, తొడిమ దగ్గర సొన తీసేసి జుర్రుకోండి మాస్టారూ. అన్నట్టు, ఆహ్వానంలో మిమ్మల్ని ‘సన్మాన పాత్రులు’ అని వేయించాం. పాత్రులంటే ఏంటండీ?”

“అర్హులని. పాత్ర అంటే గిన్నె కదా, అందులోంచే వచ్చింది.”

“మిమ్మల్ని గిన్నె అన్నామా! తప్పయిపోయిందండీ.”

“తప్పేం లేదయ్యా. పోసింది కారిపోకుండా పట్టుకునేది పాత్ర. ఇచ్చిన గౌరవాన్ని ఒలకబోసుకోకుండా నిలుపుకునేవాడు పాత్రుడు. నా మటుకు నాకు ఆ పాటి నిలకడ ఉందనే...”

“ఇక పిసక్కండి మాస్టారూ, పగులుతుంది.”

“ముప్పయ్యేళ్లుగా ఈ ఊరి కాయ తింటున్నాను, నాకు చెప్తావా? నిలకడంటే ఇదిగో, ఇలా గట్టిగా పట్టుకోవడం...”

కాయ పగిలి రసం చివ్వున చిమ్మింది. గడ్డం నుంచి పొట్టదాకా పచ్చగా కారింది. మాస్టారు లాల్చీ మీది మరక చూసుకున్నారు.

“చూశావుగా, చిల్లుగిన్నె.”

“అయ్యో! ఇంటికెళ్లి మార్చుకొస్తారా?”

“ఉన్న మంచి లాల్చీ ఇదొక్కటే. శాలువా ఎప్పుడు కప్పుతారు?”

“ఉపన్యాసాలన్నీ అయ్యాక, చివర్లోనండీ.”

“ముందే కప్పెయ్యండి. పైకి అనలేదుగానీ, నా అర్హత మీద నాకే కొంచెం అనుమానం ఉండేది. ఇప్పుడు లేదు. శాలువా ఇంత అవసరమైనవాడు నూజివీడు మొత్తంలో ఇంకొకడు లేడు.”