ఆవిడ గుండెకి ఆయన నంబరు

బంటుమిల్లి సెంటర్లో దేవమ్మ టీ కొట్టు ముందు సాయంత్రం పూట రిటైర్డ్ టీచరు సుందరరాజు పేపర్లో ఒక వార్త పైకి చదివారు. ఏదో కంపెనీ పేస్‌మేకర్లలో బ్యాటరీ ఉన్నట్టుండి ఆగిపోతోందట. ఆ రకం మొత్తాన్నీ వెనక్కి పిలుస్తున్నారట.

"రావు గారూ, రెండేళ్ళ కిందట మీ ఆవిడ రావమ్మ గారికి పెట్టింది ఇది కాదు గదా?"

రొయ్యల చెరువుల మల్లికార్జునరావు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. గ్లాసు పెట్టాడంటే అరగంటకి తక్కువ కాదని అందరికీ తెలుసు.

"ఇదే మాస్టారూ! అసలు ఈ కంపెనీ మెడలు వంచిందెవరనుకున్నారు? నేనేనండీ. నా చెవి సంగతి తెలుసుగా. గట్టు మీద నించుంటే, చెరువులో నీళ్ళు చిలికే పది ఏరియేటర్లలో దేనికి బేరింగ్ అరిగిందో చెప్పేస్తాను. అలాంటిది, ఎదురుగా నించుని అన్నం వడ్డించే మనిషి గుండెలో మిషన్ తేడా చేస్తే వినపడదా? పప్పు వేస్తోంది, టక్కు టక్కు. పులుసు పోస్తోంది, టక్కు లేదు! 'రావమ్మా, కదలకు' అన్నాను. గరిటె గాల్లోనే పట్టుకుని నించుండిపోయింది పిచ్చిది."

"అయితే పులుసు మీరే పోసుకున్నారా?" అంది దేవమ్మ.

"మధ్యలో అడ్డు రాకు. వెంటనే కంపెనీకి ఫోన్ కొట్టాను. మేనేజరు ఇంగ్లీషులో మొదలెట్టాడు, నేను బందరు భాషలో ముగించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్యాటరీ పూర్తిగా ఆగిపోయింది! డాక్టరుండేది బందరులో, మనిషుండేది ఇక్కడ. ఊరుకుంటానా, చెరువు దగ్గర జనరేటరు నుంచి వైరు లాగాను..."

"ఎక్కడికి లాగావు బావా?" ఆటో అంజి చేతిలో పకోడీ చేతిలోనే ఉండిపోయింది.

"ఆవిడ గాజులకి తగిలించానురా! గుండె అందుకుంది చూడు, ఆ ఊపుకి మా ఏరియేటర్లే కాదు, కృత్తివెన్ను దాకా అందరి చెరువుల్లో చక్రాలూ వాటంతటవే తిరిగాయి. కరెంటాఫీసు వాళ్ళొచ్చి దణ్ణం పెట్టారు. రొయ్య వారంలో జానెడు పెరిగింది. ఇది తెలిసి కంపెనీ చైర్మన్ విమానమేసుకుని వచ్చేశాడు. మన వైపు దిగే చోటేదీ? పాలకాయతిప్ప వెళ్ళి సముద్రాన్ని 'కాస్త జరుగమ్మా' అన్నాను. మైలు జరిగింది! ఇసకలో దిగి నా కాళ్ళు పట్టుకున్నాడు. 'ప్రపంచంలో ఎన్ని పెట్టావో అన్నీ వెనక్కి పిలు' అన్నాను. అదే ఇవాళ పేపర్లో పడింది."

"ఇంతకీ రావమ్మ గారేమన్నారు?" దేవమ్మ పాలు పొంగకుండా మంట తగ్గించింది.

"దానికేం తెలుసు? దానికి ఫోనే లేదు. ఆసుపత్రి కాగితాల్లో నా నంబరే రాయించాను. మొగుడిది ఉండగా ఆడవాళ్ళకి ఇంకో నంబరెందుకు? కంపెనీ అయినా, కలెక్టరైనా, ఆవిడ గుండెతో పనుంటే ముందు నాతో మాట్లాడాలి."

అప్పుడే ఆయన జేబులో ఫోనుకి మెసేజి వచ్చిన చప్పుడైంది.

"చైర్మనే అయ్యుంటాడు. నేను కళ్ళజోడు తేలేదు, పైకి చదవండి మాస్టారూ!"

సుందరరాజు చదివారు. "'రావమ్మ గారు కోరినందువల్ల ఈ నంబరును ఆమె ఫైలు నుంచి తీసేశాం. ఇకపై సమాచారం ఆమె సొంత నంబరుకే పంపుతాం.' ఆసుపత్రి నుంచండీ." వేలితో పైకి జరిపారు. గొంతు తగ్గింది. "పైన ఇంకో నాలుగున్నాయి. ఒక్కటీ చూసినట్టు లేరు. 'రావమ్మ గారి పేస్‌మేకర్ వెనక్కి పిలిచిన వాటిలో ఉంది, ఆమెను వెంటనే తీసుకురండి.' మొదటిది వచ్చి పందొమ్మిది రోజులైంది."

మల్లికార్జునరావు మొహంలో రంగు పోయింది. "నిజంగా... ఇదే రకమా?"

"ఇదే," అంది దేవమ్మ. "మీకు చెప్పీ చెప్పీ, ఆసుపత్రి వాళ్ళు మన నర్సు షీబాకి చెప్పారు. పొద్దున మీరు చెరువు మీదికెళ్ళగానే ఇద్దరూ ఇక్కడ టీ తాగి బందరు బస్సెక్కారు. 'రావు గారికి చెబుదామా' అని షీబా అడిగితే, 'పందొమ్మిది రోజులు ఆయనకే చెప్పారుగా' అందావిడ. దారిలోనే ఫోనూ సిమ్మూ కొనుక్కుంది. ఇందాకే నాతో మాట్లాడింది. అక్కడే ఉంచుకున్నారట, గురువారం మిషన్ మారుస్తారు. సంతకం తనే పెట్టింది."

"ఆ నంబరు ఇటివ్వు దేవమ్మా." మల్లికార్జునరావు మాస్టారి చేతిలోంచి ఫోను అందుకున్నాడు.

దేవమ్మ ఆయన గ్లాసు తీసి, కడిగి, బోర్లించింది.

"ఆవిణ్ణి అడిగి చెబుతానండి."