సోములుకి అక్కర్లేని సామాన్లు

సోములు అబద్ధాలాడతాడని నరసన్నపేటలో ఎవరూ అనరు. జరిగినదానికి కాస్త నీళ్లు పోసి, ఎరువు వేసి పెంచుతాడంటారు, అంతే. ఆ సాయంత్రం ఎరువుల కొట్టు గిరిబాబు ఇంటి వరండాలో కూర్చుని అతను నాటిన మొక్క కూడా మొదట్లో చాలా చిన్నదే. కిందటేడు వేసవిలో గరివిడిలో నరసింగరావు గారి ఇల్లు పది రోజులు కనిపెట్టుకుని ఉన్నాడు. అది నిజం.

ఆ మాట ఎత్తడానికి కారణం ఉంది. గిరిబాబు, అతని భార్య ధనలక్ష్మి టీచరు ఎల్లుండి కేదారం యాత్రకి పోతున్నారు. పన్నెండు రోజులు. ఇంట్లో పండు అనే పిడికెడు కుక్క, పేరు లేని ఓ పిల్లి ఉన్నాయి. వాటికి వేళకి తిండి పెట్టి, రాత్రిళ్లు ఇంట్లో పడుకునే నమ్మకమైన మనిషి కావాలి. సోములుకి ఆ ఇల్లు కావాలి. సూటిగా చెప్పాలంటే, ఆ ఇంటి వెనక గదిలో ఉన్న ఏసీ కావాలి.

సోములుది రేకుల ఇల్లు. మే నెలలో ఆ రేకుల కింద గంటసేపు కూర్చున్నవాడికి తన మీద తనకే జాలేస్తుంది. ఏసీ గదిలో మెడదాకా దుప్పటి కప్పుకుని, చలి పుడుతోందని మోకాళ్లు ముడుచుకుని పడుకోవాలని అతనికి నాలుగేళ్లుగా కోరిక. ఇప్పుడా కోరిక చేతికందేంత దూరంలో ఉంది. ఏసీకి గ్యాసు పట్టడానికి వచ్చిన ఎదురింటి ఇమ్మానుయేలు పని ముగించి, అదే వరండాలో గోడకి జారబడి టీ తాగుతున్నాడు. లోపల్నించి చల్లగాలి ఒక తెర వచ్చి సోములు వీపుని తాకి పోయింది కూడా.

ధనలక్ష్మి టీచరు ఒళ్లో నోటు పుస్తకం, చేతిలో ఎర్ర పెన్ను పెట్టుకుని కూర్చుంది. సెలవుల్లో ఆవిడ ఇంట్లో దొరికే పెన్నులన్నీ ఎర్రవే.

"సోములూ, నీకు ఒగ్గేసి ఎల్తన్న సామాన్లు సదువుతాను, ఇను. బియ్యం అయిదు కిలోలు. కందిపప్పు, నూని, పంచదార, టీపొడి. కొత్త గ్యాసు బండ. ఆవకాయ జాడీ. పండుకి బిస్కట్లు, పిల్లికి పాల పేకెట్లు. పశువుల డాక్టరు నంబరు. టార్చి, కొవ్వొత్తులు. ఉతికిన దుప్పట్లు రెండు. ఏసీ రిమోటు. సాలునా?"

దుప్పట్ల దగ్గర సోములు గుటక మింగాడు. అప్పుడే "సాలు టీచరమ్మా" అని తాళం జేబులో వేసుకుని లేచి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ గిరిబాబు ఊరుకోలేదు.

"గరివిడిలో నీకు ఏటేటి ఒగ్గీసి ఎల్లినారురా?" అన్నాడు.

ఆ ప్రశ్న చాలు సోములుకి. కాళ్లు రెండూ కుర్చీ మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకున్నాడు.

"ఏటి ఒగ్గీసినారా? ఇనండి మరి. నరసింగరావు గారి ఇంటావిడ దుర్గమ్మ గారు గుమ్మంలో నిలబడి, 'సోములూ, అన్నీ ఉన్నాయి, నీ ఇల్లే అనుకో' అన్నాది. మంచి మనిషి, మాటకి లోటు నేదు. అలగనీసి స్టోరుగదికి తాళమేసి, ఆ తాళాలగుత్తి అలవాటు సొప్పున బొడ్లో దోపుకుని ఆటో ఎక్కీసినాది. ఎక్కడికీ? కాశీకి! బియ్యం లోపల, పప్పు లోపల, కుక్క తిండి లోపల. బయట నాకు మిగిలింది ఏటో తెల్సా? ఒక నిమ్మకాయ, గుప్పెడు ఉప్పు, మూడు పుల్లలున్న అగ్గిపెట్టి. పది రోజులు!"

ఇక్కడిదాకా చాలావరకు నిజమే. దుర్గమ్మ తాళాలగుత్తితోనే ఆటో ఎక్కింది. ఎరువు పడేది ఇకనుంచే.

"ఫోను సెయ్యలేదా?" అంది ధనలక్ష్మి.

"సేసినాను టీచరమ్మా. ఆవిడ ఫోను స్టోరుగదిలోనే మోగినాది."

గిరిబాబు "ఓలమ్మో" అని కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. అలాంటి ఒక్క మనిషి ఎదురుగా ఉంటే సోములు ఇక ఆగడు.

"ఇంకోడైతే ఏడిసీవోడు. నాను ఆ తలుపు ముందల కూకుని ఆలోసించినాను. ఆలోసిస్తంటే ఏటి కనపడ్డాదీ? తలుపు కిందనుంచి సీమలు. వరసగా. ఒక్కోదాని నోట ఒక్కో బియ్యపు గింజ. ఆ వరసకి అడ్డంగా నిమ్మకాయ రసంతో గీత గీసినాను. సీమకి పులుపు పడదు కదా, పక్కకి తిరిగినాయి. తిరిగిన కాడ గిన్ని ఎట్టినాను. తెల్లారికి కిలోడు బియ్యం! మూడోనాటికి సీమలే తెలుసుకుని, బియ్యానిదో వరస, కందిపప్పుదో వరస కట్టినాయి."

"ఎంగిలి బియ్యమా బావ?" అన్నాడు ఇమ్మానుయేలు.

"కడుక్కోనేటి?" అని కసిరాడు సోములు.

ధనలక్ష్మి పుస్తకంలో పెన్నుతో అడ్డంగా ఏదో గీసింది. టీచరు కదా, మార్కులేస్తోంది కాబోలనుకున్నాడు సోములు. మరింత హుషారొచ్చింది.

"ఆ తర్వాత ఏటయ్యిందో తెల్సా? మూడోనాడే గ్యాసు అయిపోనాది. మూడు పుల్లల్లో రెండు సెమ్మగిల్లిపోనాయి. అయితే గరివిడిలో ఫ్యాక్టరీ ఉన్నాది కదా, కొలిమికి ఆనుకున్న గోడ సెయ్యెడితే సుర్రుమంటాది. బియ్యం గిన్ని మూత బిగించి, వాళ్ల కుక్క టైగరు మెడకి కట్టి, 'పోరా' అన్నాను. అది ఎల్లి, ఆ గోడకి గిన్ని ఆనేలాగ నిలబడి, మూడు ఉడుకులు లెక్కెట్టుకుని, గెంజి వార్సుకుని వొచ్చేది."

"గెంజి ఎలా వార్సిందిరా?" అన్నాడు గిరిబాబు. అతని గొంతులో అనుమానం లేదు, నేర్చుకుందామన్న ఆశే ఉంది.

"ఒంగుని వార్సేది బావ. దానికి నడుం నొప్పి నేదు కదా."

నిజానికి టైగరు పళ్లూడిన ముసలి కుక్క. గుమ్మం దాటి వీధిలోకి వెళ్లాలంటే రెండుసార్లు ఆలోచించేది. కానీ ఈ వరండాలో సోములు నోట పడ్డాక దూడంత ఎత్తు పెరిగింది. ధనలక్ష్మి పెన్ను మళ్లీ గీసింది.

"మరి టైగరుకి తిండి?" అంది ఆవిడ.

"అదీ సెప్తన్నాను. అది మాంసం కుక్క, రోజుకి రెండు కిలోలు తింటాది. నా కాడ ఏటున్నాది? ఉప్పు. ఉప్పుంటే ఏటి కావాలి? సేప కావాలి. నాలుగోనాడు పొద్దున్నే టైగరుని తీసుకుని భావనపాడు సముద్రం కాడికి నడిసినాను."

"గరివిడి నుంచి భావనపాడుకా? వంద కిలోమీటర్ల పైమాటే కదా బావ," అన్నాడు ఇమ్మానుయేలు.

"ఎల్లేటప్పుడు నడిసినాను. వొచ్చేటప్పుడు కుక్క మీద వొచ్చినాను. ముందు ఇను. ఒడ్డున నలభై మంది వల లాగుతన్నారు, వల కదల్దు. టైగరు సూసినాది, నా మొకం సూసినాది. 'కానీరా' అన్నాను. వల కొస పళ్లతో పట్టుకుని ఒక్క లాగు! వలతోపాటు సముద్రం కూడా పదడుగులు ముందుకొచ్చేసినాది. అక్కడి పెద్దోళ్లు తలగుడ్డలు తీసేసి, 'బాబూ, ఇంక సాలు, ఇళ్లు మునిగిపోతాయి' అన్నారు. బుట్టెడు సేపలు దానికి, బుట్టెడు నాకు. ఉప్పు జల్లి ఎండేసినాను. పదో రోజు దాకా ఒక్క బిస్కట్టు ముక్క అడిగితే ఒట్టు!"

గిరిబాబు తొడ చరుచుకున్నాడు. పుస్తకంలో ఇంకో గీత పడింది. కుర్చీ కింద పడుకున్న పండు, బిస్కట్టు అనే మాట విని ఒక చెవి ఎత్తి మళ్లీ దించింది.

"ఆరోనాడు గాలివానకి కరెంటు స్తంబాలు పడిపోనాయి. మూడు రోజులు ఊరంతా సీకటి. టార్చి? స్టోరుగదిలో. కొవ్వొత్తి? స్టోరుగదిలో. మరి ఇల్లు ఎలా కాసినానంటారు? వాళ్లకో పిల్లి ఉన్నాది! దాన్ని బీరువా మీద కూకోబెట్టి, బుర్ర సావిట్లోకి తిప్పితే రెండు కళ్లూ రెండు ట్యూబులైట్లు. ఆ ఎలుగులో పేపరు సదివినాను, సూదిలో దారం ఎక్కించినాను. ఈదిలో పిల్లలు పుస్తకాలట్టుకుని వొచ్చేసినారు. నిద్రొస్తే ఏటి సెయ్యాలి? పిల్లి సెవి మెలేస్తే కళ్లు మూసీసుకునేది."

"స్విచ్చి అన్నమాట," అన్నాడు కరెంటు పని తెలిసిన ఇమ్మానుయేలు.

"స్విచ్చే!"

ధనలక్ష్మి ఈసారి రెండు గీతలు గీసి, పెన్ను చివర గడ్డానికి ఆనించుకుంది. "అన్నీ బాగున్నాయి సోములూ. ఒక్కటి అడుగుతాను. అదీ మే నెలే కదా? కరెంటు నేదు, ఫేనూ నేదు. నీకు ఉక్క పొయ్యలేదా?"

సోములు ఒళ్లు మరిచిపోయి ఉన్నాడు. లోపలి నుంచి ఇంకో చల్లటి తెర వచ్చి తాకినా తెలియలేదు.

"ఉక్కా? నాకా? టీచరమ్మా, ఆ టైగరు తోక మీరు సూడలేదు. మంచం పక్కన నిలబెట్టి, 'శబాస్ రా' అనీవాడిని. అంతే, తోక ఆడించీది. మొదట గోడ మీద కేలండరు ఎగిరిపోనాది. రెండోసారి శబాస్ అంటే కిటికీ రెక్కలు తెరుసుకున్నాయి. మూడోసారి అన్నాక నాకే ఒణుకు పుట్టి, 'ఒరే, నెమ్మదిరా' అని బతిమాలుకున్నాను. తెల్లారి సూత్తే కుండలో నీళ్లు గడ్డకట్టీసినాయి. పక్కింటోళ్లు మే నెల్లో కుంపటెట్టుకుని, 'సోములు గారూ, మీ కుక్కని కాస్త తిట్టండి' అని దండాలెట్టినారు. ఏసీ అంట, ఏసీ! ఏసీ ఏటండీ దాని ముందు? మగోడన్నోడికి ఏసీ ఎందుకు?"

పెన్ను చాలా నెమ్మదిగా, చాలా పొడుగ్గా ఒక గీత గీసింది.

"సరే," అని ధనలక్ష్మి ఇంటి తాళం తీసి సోములు చేతిలో పెట్టింది. దాంతోపాటు పుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చింది. "ఇంక నాకు బెంగ నేదు. నీలాంటోడు దొరకడం మా అదృష్టం."

సోములు గర్వంగా కాగితం అందుకుని చూశాడు. బియ్యం మీద ఎర్ర గీత. పప్పు మీద, నూనె మీద, గ్యాసు బండ మీద గీత. బిస్కట్లు, టార్చి, కొవ్వొత్తులు పోయాయి. దుప్పట్లు పోయాయి. అన్నిటి కింద ఏసీ రిమోటు ఎర్రగా కొట్టేసి ఉంది.

"ఇదేటి టీచరమ్మా, అన్నీ కొట్టీసినారు?"

"నీకు అక్కర్లేనివి ఇచ్చి నిన్ను అవమానించకూడదు కదా. నిమ్మకాయ, ఉప్పు, అగ్గిపెట్టి వంటింట్లో ఉంటాయి. ఎనక గదికి తాళమేసి, తాళంచెవి అట్టుకెల్లిపోతాం. గాలికి పండు ఉన్నాది."

తన పేరు వినబడి పండు లేచి జానెడు తోక రెండుసార్లు ఆడించింది. సోములు నుదుటి మీద చెమట చుక్క కూడా కదల్లేదు.

ఇమ్మానుయేలు టీ గ్లాసు కింద పెట్టి, ఏం చేస్తాడా అని చూస్తున్నాడు. సోములు లోలోపల లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు నోరు విప్పితే ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో సంపాదించిన పేరు ఈ వరండాలోనే పోతుంది. విప్పకపోతే దుప్పటి పోతుంది. తాళం వంక చూశాడు, కాగితం వంక చూశాడు, వెనక గది తలుపు వంక చూశాడు. ఆ తలుపు వంక చూసేసరికి పేరు మీద ఆశ పోయింది.

"టీచరమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "తాళాలు అయిదు నిమిషాల్లో తెచ్చి ఇచ్చీసినారు. సందు మొగలో ఆటో ఆపించి, దుర్గమ్మ గారు రొప్పుకుంటా ఎనక్కొచ్చి నా సేతిలో ఎట్టినారు. బియ్యం, పప్పు, బిస్కట్లు, టార్చి, అన్నీ ఉన్నాయి. అన్నీ వాడినాను. పది రోజుల సరుకు ఆరు రోజులకే అయ్యగొట్టీసినాను."

గిరిబాబు మొహం చిన్నబోయింది. "మరి సీమలు?" అన్నాడు, ఇంకా ఆశ చావక.

"సీమలు నేవు బావ."

"నాకు తెలుసు," అంది ధనలక్ష్మి. "ఆ ఆటోలో దుర్గ పక్కన కూకున్నది నానే, నువ్వు సూడలేదు. ఇద్దరం కలిసే కాశీ ఎల్లినాం. బొడ్లో తాళాలు సూసి, 'ఆ మనిషి ఏటి తింటాడే' అని దింపిందీ నానే."

సోములు నోరు తెరిచాడు. "మరి ముందే సెప్పొచ్చు కదమ్మా!"

"సెప్తే ఆ పిల్లి సెవి సంగతి నాకెలా తెలుస్తాది?"

ఇమ్మానుయేలు పొట్ట పట్టుకుని నవ్వాడు. గిరిబాబు కాస్త ఆలస్యంగా, కాస్త బాధగా నవ్వాడు. ధనలక్ష్మి ఇంకో కాగితం తీసి సామాన్లన్నీ మళ్లీ మొదటినుంచి రాసింది. బియ్యం అయిదు కిలోల్ని కొట్టేసి ఎనిమిది చేసింది. దుప్పట్లు కూడా రాసింది. రిమోటు మాత్రం లోపల్నించి తెచ్చి ఇమ్మానుయేలు చేతిలో పెట్టింది.

"ఇది నీ కాడ ఉంచు ఇమ్మానుయేలూ. రోజూ సాయంత్రం సోములు వొచ్చి ఒక్క నిజం సెప్పాలి. సెప్పితే ఆ రాత్రికి ఇయ్యి. నేకపోతే నేదు."

"పన్నెండు రోజులకి పన్నెండు నిజాలే!" అన్నాడు గిరిబాబు, సోములు మీద జాలి పడుతూ.

ఇమ్మానుయేలు రిమోటు చొక్కా జేబులో పెట్టుకుని, గోడకి వీపు ఆనించి తిన్నగా కూర్చుని, పంచాయితీ పెద్దలా చేతులు కట్టుకున్నాడు. "ఎల్లుండి దాకా ఎందుకు బావ? నీ వల్ల అవుతాదో నేదో ఇప్పుడే సూద్దాం. ఒకటి సెప్పు."

సోములు ఆలోచించాడు. "గరివిడిలో ఒకసారి..." అని మొదలుపెట్టి టక్కున నోరు మూసుకున్నాడు. కప్పుకేసి చూశాడు, కాళ్లకేసి చూశాడు. మెడ మీద చెమట కారి చొక్కాలోకి దిగింది.

"నాకు శానా ఉక్కగా ఉన్నాది బావ," అన్నాడు చివరికి.

ఇమ్మానుయేలు అతన్ని తలనుంచి కాళ్లదాకా పరీక్షగా చూసి, జేబులోంచి రిమోటు బయటికి తీశాడు.