కట్టెల జాబితాలో అత్తగారి పేరు: మేయరు శ్రీమతి కసీల్దా ఎర్రేరో గారి ఇరవై ఎనిమిదేళ్ళ సేవ

1995వ సంవత్సరం జూన్ 17వ తేదీ శనివారం మధ్యాహ్నం శ్రీమతి కసీల్దా ఎర్రేరో గారు రోబ్లాల్తో గ్రామ మేయరుగా ప్రమాణ స్వీకారం చేశారు. ఆనాటికి వారి వయస్సు ముప్పై ఎనిమిది. ప్రమాణం ముగిసిన మరుక్షణమే సభకు నమస్కరించి, చౌకులో నిలిపి ఉంచిన రొట్టెల బండి ఎక్కి, ఇంకా రొట్టె అందని రెండు ఊళ్ళకు బయలుదేరి వెళ్ళారు. జిల్లా కేంద్రమైన సోరియా నుంచి విచ్చేసిన ప్రముఖులు విందు దగ్గర గంటన్నర సేపు వారి కోసం నిరీక్షించవలసి వచ్చింది.

రంపపు మిల్లులో పనిచేసే శ్రీ ఎలాదియో గారిని వివాహమాడి, నియెవెస్, ఔరెయా అనే ఇద్దరు కుమార్తెలకు తల్లియైన కసీల్దా గారు, పదవికి ముందు పన్నెండేళ్ళు ఆ బండి నడిపారు. ఎవరి గడపలో మెట్టు విరిగిందో, ఎవరి కుక్క కరుస్తుందో, ఏ ముసలాయన రెండు రోజులుగా తలుపు తీయలేదో వారికి తెలిసినంతగా, కాగితాలన్నీ దగ్గర పెట్టుకున్న ఈ కార్యదర్శికి కూడా తెలియదు. మేయరు పదవికి అంతకు మించిన అర్హత ఉన్నట్టు మేమెరుగము.

వారి వ్యక్తిత్వాన్ని తెలిపే సంఘటన ఒకటి ఇక్కడ ప్రస్తావించక తప్పదు. మా అడవి ఊరందరిదీ. ఏటా అక్టోబరులో దాన్ని భాగాలు చేసి, చీట్లు తీసి, ఇంటికొక భాగం చొప్పున చలికాలపు కట్టెలు పంచుకుంటాము. ఏడాదిలో తొమ్మిది నెలలు పొయ్యి వెలిగిన ఇంటికే భాగం దక్కుతుంది. పదవిలోకి వచ్చిన తొలి ఏడాదే కసీల్దా గారు శ్రీ తెయోదోమీరో గారి పేరు కొట్టివేశారు. ఆయన కంటి శస్త్రచికిత్స కోసం లొగ్రోన్యో పట్నంలో తమ్ముడి ఇంట ఐదు నెలలు ఉండిపోయారు. ఆ చలికాలం ఆయన తన పాత బీరువాను చీల్చి పొయ్యిలో పెట్టుకున్నారు.

మరుసటి ఏడాది కసీల్దా గారి అత్తగారు, వేరే ఇంట ఒంటరిగా నివసించే శ్రీమతి ఒబ్దూలియా గారు, తుంటి ఎముక విరిగి సోరియాలో కూతురి దగ్గర ఆరు నెలలు గడిపి వచ్చారు. జాబితా చదివే రోజున సభామందిరం కిక్కిరిసింది. తెయోదోమీరో గారు ముందు వరుసలోనే కూర్చున్నారు.

"చూద్దాం మేయరమ్మా, పొయ్యి లెక్క అందరికీ ఒకటేనా, మాకో రకం మీకో రకమా?" అన్నారాయన.

కార్యదర్శి వంగి నెమ్మదిగా చెప్పాడు: "జబ్బు చేసిందని రాసేద్దామండీ. ఎవరూ ఏమీ అనుకోరు."

"ఆయనది జబ్బు కాదా? అప్పుడు రాశామా? నాకు తోచనే లేదు, తప్పు నాదే. రూలు మార్చాలంటే వచ్చే ఏడాదికి మారుద్దాం. ఈ ఏడాదికి ఉన్నదే," అని కసీల్దా గారు అత్తగారి పేరుపై అడ్డగీత గీశారు.

మూడో వరుసలో ఒబ్దూలియా గారు చేతికర్ర ఊతంగా లేచారు. "ఈ కాలు వేసుకుని నన్ను చలిలో కూర్చోమంటావటే అమ్మాయ్?"

"కూర్చోనివ్వను అత్తయ్యా. జాబితాలో మాత్రం పెట్టను."

ఆ వారమే కసీల్దా గారు తమ భాగానికి వచ్చిన కట్టెలన్నీ అత్తగారి పెరట్లో దింపించారు. దానం అక్కర్లేదని ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "దానం ఎవరిచ్చారు? ఇప్పుడు మా ఇంట్లో పుల్ల లేదు. మీ పొయ్యి దగ్గర మా నలుగురికీ చోటివ్వండి," అన్నారు కోడలు. మనవరాళ్ళ ముఖం చూసి ఆవిడ పక్కకు తప్పుకున్నారు. ఆ చలికాలం ఐదు నెలలూ కుటుంబమంతా ఒకే వంటింట్లో, ఒకే సెనగల కుండ చుట్టూ గడిపింది. అత్తగారు మాత్రం కోడలితో నేరుగా మాట్లాడలేదు. "ఒరే ఎలాదియో, మేయరుగారికి చెప్పరా, తలుపు సరిగ్గా మూయమని," అనేవారు. వెచ్చగా ఉన్న వంటింట్లో కసీల్దా గారు పడిన అవస్థ అంతా ఇంతా కాదు.

ఆ మరుసటి ఏడాది జబ్బుపడిన వారికి మినహాయింపునిస్తూ నియమం మారింది. తెయోదోమీరో గారికి కసీల్దా గారు నిండు సభలో క్షమాపణ చెప్పారు. ఆయన గొణుక్కుంటూనే చేయి పైకెత్తి ఆ తీర్మానానికి ఓటు వేశారు. ఒబ్దూలియా గారి నోట మాత్రం "మేయరుగారు" అన్న పిలుపు పోలేదు. ఏడు ఎన్నికలలో గెలిచిన మనిషికి ఆ ఒక్క పిలుపు ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది.

తదనంతర కాలంలో 1998లో ఊట నుంచి కొత్త నీటి గొట్టాలు, 2004లో వారానికి రెండు రోజుల వైద్యుడు, 2013లో మూతపడబోయిన పాఠశాలకు మూడేళ్ళ గడువు, వారి పట్టుదల ఫలితాలే. ఆ గడువు తర్వాత పాఠశాల మూతపడిన మాటా నిజమే. ఆ రోజు వారు కార్యాలయంలో కూర్చుని ఏడ్చారు, దాచలేదు. బస్సు స్టాపును ఉత్తరపు గాలికి ఎదురుగా కట్టించినది కూడా వారే. అందులో నిలబడి వణికిన వారందరూ ఆ సంగతి వారికి చెప్పే ఉన్నారు.

2023 జూన్ 17న కసీల్దా గారు పదవీ విరమణ చేస్తున్న సందర్భంగా, మా గ్రామ పత్రిక ఈ సంచికకు నాలుగు మాటలు అడుగుదామని కార్యదర్శి గత వారం ఒబ్దూలియా గారి ఇంటికి వెళ్ళాడు. వారికిప్పుడు తొంభై తొమ్మిదేళ్ళు. కసీల్దా గారు వెనక నిలబడి ఆవిడ తల దువ్వుతున్నారు.

"ఏమయ్యా సెక్రెటరీ, కట్టెల సంగతి రాశావా?"

"రాశానమ్మా."

"నా పేరు కొట్టేసిందని కూడా రాశావా?"

"అది కూడా రాశానమ్మా."

"మంచిది. అలాగే ఉంచు. ఆ చేత్తోనే ఇరవై ఏళ్ళ నుంచి నా జుట్టు దువ్వుతోంది, ఒక్క చిక్కు కూడా లాగి నొప్పి పెట్టలేదు. అదీ రాయి. ఇంకోటి రాసుకో. నా కోడలు నా అంత ముసలిదవ్వాలి. అప్పుడు దాని తల దువ్వడానికి ఓ మనిషి పక్కనుండాలి."

దువ్వెన ఆగిపోయింది. ఇరవై ఏడేళ్ళుగా ఆ ఇంట్లో "కోడలు" అన్న మాట ఎవరూ వినలేదు. కసీల్దా గారు కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నారు.

అందుచేత మా పెద్దావిడ కోరిన ఆయుష్షు, ఆ ఆయుష్షు పొడుగునా చెడని ఆరోగ్యం, ఆ వయసుకు తల దువ్వే ఒక చల్లని చేయి శ్రీమతి కసీల్దా ఎర్రేరో గారికి లభించాలని కార్యాలయ సిబ్బంది యావన్మంది పక్షాన మనసారా కోరుకుంటున్నాము.