బావ పుల్ల, అక్క పువ్వు

ఏమిటే అది ఫోన్లో? ఇటు తిప్పు. ఓహో, ఆర్కిడ్డా? రెండు నెలలైనా వాడదా! ఓసి పిచ్చిదానా, ఆ పువ్వు వాడిపోయిందని ఇంటిల్లిపాదీ ఎగిరి గంతేసిన రోజు ఒకటుంది, తెలుసా నీకు? నవ్వకు. మా బావ సంగతి. అక్క మొగుడు, వాచీలు బాగుచేసేవాడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. కంటికి ఆ నల్లటి భూతద్దం తగిలించుకున్నాడంటే భోజనానికి కూడా తీసేవాడు కాదు. "ఏవండీ, కంచంలో ఏమైనా మరలు పడ్డాయా?" అనేది అక్క. నేనా? నేను అప్పుడు అక్క ఇంట్లోనే పడి తింటున్నాను, పనీపాటా లేకుండా. "వీడిది చెయ్యా, రోకలా?" అనేవాడు బావ. అన్నాడంటే అన్నాడు గానీ, నాకు ఎంత ఇష్టమో ఆయనంటే.

ఏం చెప్తున్నాను... ఆఁ, మొక్క. వాచీ బాగుచేసినందుకు సంతోషపడిపోయి ఒక సైన్సు టీచరమ్మ ఇచ్చింది. "దీని మీద వాలే పురుగు ఈ చుట్టుపక్కల లేదండీ, కాయ కావాలంటే పుప్పొడి మీరే పెట్టాలి, కాయ నాకిస్తే నేను మొలిపించుకుంటా" అంది. ఇంకేం, కోతికి కొబ్బరికాయ దొరికింది. పువ్వు మధ్యలో ముక్కులాంటిది ఉంటుంది చూడు, ఆఁ, అదే. దాని కొనన బుల్లి టోపీ. సన్నగా చెక్కిన అగ్గిపుల్లతో ఆ టోపీ లేపితే లోపల పసుపుపచ్చగా పలుకులుంటాయి, ఆవగింజలో సగం, అదే పుప్పొడి. వాటిని పుల్లకి అంటించుకుని, ఇంకో పువ్వు ముక్కు కింద జిగురు గుంటలో పెట్టాలి. ఊపిరి బిగబట్టి పెట్టాలి. సరిగ్గా పట్టిందా, రెండు మూడు రోజుల్లో పువ్వు తల వాల్చేస్తుంది, వెనక కాడ ఉబ్బి కాయవుతుంది. పట్టలేదా, పువ్వు దర్జాగా అలాగే ఉంటుంది. అదీ లెక్క. అక్కకేమో పువ్వు కావాలి, ఈయనకేమో కాయ కావాలి. "నిక్షేపంలాంటి పువ్వుని చూస్తూ చూస్తూ చంపుతారేమిటండీ!" అని ఏటా ఒక వారం మాటలుండేవి కావు.

తర్వాత ఒక ఏడు బావకి చెయ్యి వణకడం మొదలైంది. ముందు సంతకంలో, తర్వాత గ్లాసులో. కొట్టు మూసేశాడు. అడిగినవాళ్ళకి నడుం నొప్పి అని చెప్పాడు. నడుమూ లేదు, నొప్పీ లేదు. కిటికీ పక్కన కూర్చుని, కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, అలా గోడకేసి చూసేవాడు. రెండు నెలలు! పువ్వులు పూశాయి, తలెత్తి చూడలేదు మనిషి. అప్పుడు అక్కే, చెప్తే నమ్మవు, ఆ తొట్టి ఎత్తుకొచ్చి ఆయన ముందు పెట్టి, "ఈ ఏడు పుప్పొడి పెట్టరా?" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయే. బావ తొట్టిని దగ్గరికి జరుపుకుని, "సరే. ఇది కాయ పడితే కొట్టు తెరుస్తా. పడకపోతే సామానంతా ఎవరికైనా ఇచ్చేస్తా, మళ్ళీ ఆ ఊసెత్తకూడదు" అన్నాడు.

మొదలుపెట్టాడు. టోపీ ఎలాగో లేపాడు. పలుకులు పుల్లకి అంటుకున్నాయి. అటు తిప్పేలోపు చెయ్యి ఇలా, ఇలా కొట్టుకుంది. పలుకులు కిటికీ గట్టు మీద పడ్డాయి. ఆయన చూసుకోలేదు. వట్టి పుల్ల గుంటలో అద్ది, "హమ్మయ్య, పెట్టేశా" అని వెళ్ళి పడుకున్నాడు. అక్క నన్ను చూసింది. నేను అక్కని చూశాను. గుర్రు వినపడగానే అక్క పువ్వుని వెనకనుంచి పట్టుకుంది, నేను ఆ పలుకులు పుల్లతో ఎత్తి గుంటలో పెట్టాను. నా రోకలి చేత్తో! చెమటలు కారిపోయాయనుకో.

మూడో రోజు పొద్దున్నే అక్క ఒకటే కేక. "వాడిపోయిందండీ! వాడిపోయింది!" పక్కింటావిడ ఎవరికేం మూడిందో అని జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. బావ పువ్వుని చూశాడు, చేతిని చూసుకున్నాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని కొట్టు తెరిచాడు. నాకు లోపల గుబులే. తప్పు చేశామేమో, మనిషిని ఆశపెట్టామేమో అని.

ఎదురు కొట్టు దర్జీ వెంటనే వాచీ తెచ్చిచ్చాడు. బావ మూత తీశాడు, లోపలంతా తుడిచాడు, మర పట్టకారుతో పట్టుకున్నాడు. పడిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ పడింది. మూడోసారి వెతకలేదు. భూతద్దం తీసి బల్ల మీద పెట్టి, "ఒరే, ఇది పెట్టలేని చెయ్యి ఆ పువ్వులో ఎలా పెట్టిందిరా?" అన్నాడు. నేను కిందికి వంగి ఆ మర వెతికి తీశాను. "నువ్వేనా?" అన్నాడు. తలూపాను. కొడతాడనుకున్నా. లేచి, తన స్టూలు నాకేసి జరిపి, "కూర్చో" అన్నాడు. "బావా, నాకేం రాదు బావా" అన్నా. "నాకొచ్చుగా. నేను చెప్తా, నువ్వు చెయ్యి" అన్నాడు. కూర్చున్నా. నా వెనక నిలబడి భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి వణుకుతూనే ఉందే, నా భుజమంతా కదులుతోంది, నేను ఊపిరి బిగబట్టి... మర ఒక్కసారికే కూచుంది. "అదీ" అన్నాడు బావ. అంతే. అంతే అన్నాడు.

...

ఏం లేదులే, కళ్ళకి గాలి కొడుతోంది. ఆ ఫ్యాను కాస్త తగ్గించు.