మూడిట్లో ఒకటి

ఆబిడ్స్‌లో మేడ మీది కంప్యూటర్ ఆఫీసు, 2004. ఒక దవాఖాన పాత రికార్డులు సాయంత్రం ఐదింటికల్లా కొత్త కంప్యూటర్‌కు పంపాలి. రూల్స్ రాసింది రామచందర్. సరిచూసేది కృపాజ్యోతి.

“కంప్యూటర్ మళ్లా ఆపింది సార్.”

“ఎవర్ని?”

“నలభై ఒకటో పేషెంటుని. భర్త, తండ్రి, కొడుకు, మూడు గడులూ ఖాళీ.”

“ఖాళీ ఉంటే ఆపాలె. అందుకే గదా రాసిన.”

“మూడూ ఆప్షనల్ అన్నరు గదా సార్.”

“ఒక్కోటి ఆప్షనలే. మూడూ గాదు. మూడిట్ల ఏదో ఒకటుండాలె. రూల్స్ రాసిన ఫైలు, గా ఎక్స్ఎంఎల్ స్కీమాల ఎట్ల పెట్టిన్నో చూసినవా?”

“చూసిన. భర్త ఉంటే మిగిలిన రెండూ ఉన్నా లేకున్నా సరే. భర్త లేకుంటే తండ్రి. తండ్రీ లేకుంటే కొడుకు తప్పదు.”

“ఆఁ. సందు లేదు.”

“ఎవ్వరూ లేనోళ్లకు?”

“ఉండరు.”

“మా చర్చి హాస్టల్ల నలుగురున్నరు సార్.”

“ఉండరన్న గదా.”

“గీ ఒక్కదానికి మొత్తం ఫైలు తిరిగొస్తది. నాలుగున్నరయింది. ‘ఎవరూ లేరు’ అని ఇంకో గడి పెడదాం సార్. ఒక్క లైను.”

“పెట్టకు. పెడితే అందరూ గదే రాపిస్తరు. అలిగి ఇల్లిడిసినోళ్లు గూడ. దవాఖానల తొమ్మిది దినాలు పండుకుంటరు, ఇంటికి ఫోన్ కొడదామంటే నంబరుండదు. పానం పోయినంక కొంగుల అడ్రసు చిట్టీ జూసి పోలీసోడు ఇంటికొస్తడు.”

“ఎవరికైంది సార్ గట్ల?”

“టైం జూస్కో నువ్వు.”

“పోనీ, ఈమెను తీసేద్దామా?”

“తీస్తే దవాఖానకే రానట్టయితది.”

“ఉంచితే ఫైలు పోదు. తీయొద్దంటరు. రూలు మార్చరు. నేనేం చెయ్యాలె సార్?”

“పేరేంది?”

“పూలమ్మ. నలభై ఆరేండ్లు. నాంపల్లి స్టేషన్‌కాడ పడిపోతే ఆటోల తెచ్చిన్రట. రికార్డు కింద దవాఖాన క్లర్కు ఓ మాట రాసిండు. భర్త ఉన్నడా అంటే, ‘ఉన్నడు, రాయకు’ అన్నదట.”

“గట్లనే అన్నదా?”

“గట్లనే రాసుంది. సార్? ఇంటున్నరా?”

“భర్త గడిల రాయి. రామచందర్.”

“మీ పేరా? ఊకె రాస్తే తప్పయితది సార్.”

“ఊకె గాదు.”

“...రాసిన. పేరు రాస్తే ఫోన్ నంబరు అడుగుతున్నది సార్.”

“గీ ఆఫీసుదే రాయి. ఆ తొమ్మిది దినాలు గూడ గీ ఫోన్ పక్కనే కూసున్న.”