స్పీకర్ లేని సింథసైజర్

ఆఫీసు అయ్యాక మూసాపేటలోని వాద్యాల కొట్టులో ఇద్దరు సహోద్యోగులు చిన్న సింథసైజర్లు చూస్తున్నారు. కొనేది ఆమె, తోడొచ్చింది ఆయన.

“ఇది తీసుకుంటానన్నా. బ్యాగులో పడుతుంది.”

“దీనికి స్పీకర్ లేదు గదమ్మా. పక్కదానికుంది, ధర గూడ అంతే.”

“స్పీకరొద్దు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేనొక్కదాన్నే వింటా. ఇప్పుడే కదా నేర్చుకుంటాండేది.”

“ఇప్పటిదాంక దేంట్ల నేర్చుకున్నవ్?”

“ఫోన్లో యాప్ ఉంది. పొద్దున కాల్‌లోకి క్లయింట్ వచ్చేదాకా వాయించుకుంటా.”

“మ్యూట్ పెట్టుకునేనా?”

“పెట్టకుండా ఎట్లన్నా?”

“సోమవారం పెట్టలే.”

“అయ్యో. అందరూ విన్నారా?”

“మేనేజర్ గూడ విన్నడు.”

“ఆ పొద్దు క్లయింటే లేటుగా వచ్చినాడనుకుంటి.”

“టైంకే వచ్చిండు. నువ్వు వాయించుడు అయ్యేదాంక జర ఆగుమని మేనేజర్ నీకు తప్ప అందరికి మెసేజ్ పెట్టిండు.”

“మరి ఒక్కరూ నాతో చెప్పలేదే?”

“చెప్తే బంద్ చేస్తవని చెప్పలే.”

ఆమె పక్కదాన్ని ముందుకు లాక్కుంది.

“దీని స్పీకర్ బాగా వినిపిస్తుందా అన్నా?”

“రేపు కాల్‌ల విని చెప్తం. మ్యూట్ మాత్రం పెట్టకు.”